జనం పెరిగినా వాటా తరిగే దేశాలు

1961 జనాభా లెక్కల నాటికి పాకిస్తాన్ ఒకే దేశం, కానీ మధ్యలో భారతదేశం ఉన్న రెండు ముక్కలు. తూర్పు ముక్కలో 5.08 కోట్ల మంది, పశ్చిమ ముక్కలో 4.29 కోట్ల మంది ఉన్నట్టు ఆ లెక్కల్లో తేలింది. పదేళ్లకు తూర్పు ముక్క బంగ్లాదేశ్ అయింది. 2022 లెక్కల్లో బంగ్లాదేశ్ జనాభా సుమారు 17 కోట్లు. 2023 లెక్కల్లో పాకిస్తాన్ జనాభా 24.15 కోట్లు. ఒకప్పుడు 79 లక్షలు వెనకబడి ఉన్న భాగం అరవై ఏళ్లలో ఏడు కోట్లు ముందుకు పోయింది.

1970 నవంబరు తుపాను, 1971 యుద్ధం బంగ్లాదేశ్‌లో లక్షల ప్రాణాలు తీశాయి. అయినా ఈ తేడాకు అసలు కారణం అవి కావు. ఆ తర్వాత, 1970ల మధ్యలో కూడా రెండు దేశాల్లోనూ ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి పైగానే పిల్లలు. బంగ్లాదేశ్‌లో ఆ సంఖ్య 1970ల చివరి నుంచే దిగడం మొదలైంది. పర్దా వల్ల ఇల్లు దాటి ఆసుపత్రికి రాలేని స్త్రీల దగ్గరికి మహిళా కార్యకర్తలే మాత్రలు, ఇంజెక్షన్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. 1977లో మత్లబ్ ప్రాంతంలో ఈ పద్ధతిని కొన్ని గ్రామాల్లో అమలు చేసి, చుట్టుపక్కల గ్రామాలతో పోల్చి చూశారు. అమలు చేసిన చోట జననాలు త్వరగా తగ్గాయి. 1980ల్లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం అర లీటరు నీళ్లలో కలిపి పిల్లల విరేచనాలకు ద్రావణం చేసుకోవడం తల్లులకు నేర్పారు. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం వచ్చిన ఇంట్లో ఏడో కాన్పు అవసరం తగ్గుతుంది. పాకిస్తాన్‌లో ఇదే మార్పు పదిహేనేళ్లు ఆలస్యంగా, అదీ నెమ్మదిగా వచ్చింది. అక్కడ 2017-18 సర్వేలో కూడా ఒక్కో తల్లికి సగటున 3.6 మంది పిల్లలు. బంగ్లాదేశ్‌లో 2022 సర్వే నాటికి ఆ సంఖ్య 2.3. ఏడు కోట్ల తేడాలో పెద్ద భాగం ఆ పదిహేనేళ్ల ఆలస్యానిదే.

ఒక దేశానికి ప్రపంచ జనాభాలో ఎంత వాటా ఉందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ ఆలస్యాల్లోనే దొరుకుతుంది. దాదాపు ప్రతి దేశంలో ముందు మరణాలు తగ్గాయి, జననాలు తర్వాత తగ్గాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న కాలంలోనే జనం ఉబ్బుతారు. ఒక దేశం ఆ మధ్యకాలంలోకి ఎప్పుడు అడుగుపెట్టింది, అందులో ఎన్నాళ్లు ఉంది, అప్పుడు మిగతా ప్రపంచం ఏ దశలో ఉంది అన్న మూడు సంగతులూ తెలిస్తే ఆ దేశం వాటా ఎందుకు పెరిగిందో, ఎందుకు తరిగిందో చెప్పొచ్చు.

లవం, హారం

వాటా ఒక భిన్నం. లవం దేశ జనాభా, హారం ప్రపంచ జనాభా. వార్తల్లో లవం గురించే మాట్లాడతారు, హారాన్ని మరిచిపోతారు. తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

లెక్క కష్టమేమీ కాదు. దేశం ఏటా ఎంత శాతం పెరుగుతోందో చూసి, అందులోంచి ప్రపంచం పెరుగుతున్న శాతాన్ని తీసేయాలి. మిగిలినదే వాటా మారే వేగం. ఆ మిగులుతో 70ని భాగిస్తే వాటా రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. మిగులు రుణ సంఖ్య అయితే సగం కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. ప్రపంచ జనాభా ఇప్పుడు ఏటా సుమారు 0.9 శాతం పెరుగుతోంది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం 3.3 శాతం చొప్పున పెరుగుతోంది. తేడా 2.4, కాబట్టి ఇదే వేగం కొనసాగితే దాని వాటా 29 ఏళ్లలో రెట్టింపు. నైజీరియా 2.1 శాతం, తేడా 1.2, అంటే 58 ఏళ్లు. జపాన్ జనాభా ఏటా అర శాతం తగ్గుతోంది. తేడా మైనస్ 1.4, కాబట్టి 50 ఏళ్లలో వాటా సగం. ఈ వేగాలు అలాగే నిలబడవు. అందుకే ఈ సూత్రం పదీ ఇరవై ఏళ్ల చూపుకు బాగా పనికొస్తుంది, వందేళ్ల జోస్యానికి పనికిరాదు.

హారం వేగం ఎప్పుడూ ఒకలా ఉండదన్నది మరో ముఖ్య సంగతి. 1960ల మొదట్లో ప్రపంచ జనాభా ఏటా 2.2 శాతం దాకా పెరిగింది. ఆ రోజుల్లో ఏటా ఒక శాతం పెరిగిన దేశం వెనకబడింది. జపానే అందుకు ఉదాహరణ. 1950లో 8.4 కోట్లున్న జపాన్ 1970 నాటికి 10.4 కోట్లకు చేరింది, వాటా మాత్రం 3.4 శాతం నుంచి 2.8కి దిగింది. ఇరవై ఏళ్లలో రెండు కోట్ల మంది పెరిగి కూడా వాటా పోగొట్టుకుంది. ఇప్పుడు భారతదేశం దాదాపు అదే వేగంతో, ఏటా 0.9 శాతం పెరుగుతూ తన వాటాను నిలుపుకుంటోంది. అదే ఒక శాతం అప్పుడు నష్టం, ఇప్పుడు నిలకడ.

రెండు వందల ఏళ్ల లెక్క

పాత శతాబ్దాల జనాభాకు ఎక్కువమంది వాడేది ఆర్థిక చరిత్రకారుడు యాంగస్ మాడిసన్ అంచనాలు. వాటి ప్రకారం 1820లో ప్రపంచ జనాభా 104 కోట్లు. అందులో చైనా 38.1 కోట్లు, అంటే 36.6 శాతం. భారత్ 20.9 కోట్లు, అంటే 20 శాతం. ఇక్కడ భారత్ అంటే ఇప్పటి పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా కలిసిన భారత్. ఈ ఒక్క సంగతి చూసుకోకుండా 1820 నాటి 20 శాతాన్ని ఇప్పటి 17.8 శాతంతో పోల్చి ‘మన వాటా తగ్గింది’ అని తేల్చేవాళ్లు చాలామంది. మూడు దేశాలనూ కలిపి చూస్తే ఇప్పుడది 23 శాతం. నిజానికి పెరిగింది.

చైనాలో 1850 నుంచి 1864 వరకు సాగిన తైపింగ్ తిరుగుబాటు, దాని వెంట వచ్చిన కరువులు, రోగాలు జనాన్ని తుడిచిపెట్టాయి. 1870 నాటికి చైనా జనాభా 35.8 కోట్లు, వాటా 28 శాతం. అదే కాలంలో యూరప్‌లో మశూచి టీకా వ్యాపించింది. బంగాళాదుంప పేదల కడుపు నింపింది. తర్వాత నగరాల్లో మంచినీళ్లు, మురుగుకాల్వలు మెరుగయ్యాయి. రష్యాతో కలిపి యూరప్ వాటా 1820లో 21.5 శాతం ఉంటే 1913కి దాదాపు 28 శాతమైంది. ఐదు కోట్లకు పైగా జనాన్ని సముద్రాలు దాటించాక కూడా అంత మిగిలారు. వలస వెళ్లినవాళ్లతో నిండిన అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ కలిపి ఒక శాతం నుంచి ఆరు శాతానికి ఎదిగాయి.

అందరూ పెరుగుతున్న యూరప్‌లో రెండు దేశాలు వేరే దారిన పోయాయి. 1841లో ఐర్లాండ్ దీవిలో 81.75 లక్షల మంది ఉండేవారు. 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన కరువు, ఆపై దశాబ్దాలపాటు ఆగని వలస ఆ దీవిని ఖాళీ చేశాయి. ఇప్పటికీ దీవి మొత్తం కలిపి 71 లక్షలు దాటింది అంతే. రెండోది ఫ్రాన్స్. అక్కడ కరువూ లేదు, భారీ వలసా లేదు. మిగతా యూరప్ కంటే ఎన్నో దశాబ్దాల ముందే, 18వ శతాబ్దం చివర్లోనే, దంపతులు పిల్లల్ని తక్కువగా కనడం మొదలుపెట్టారు. 1801లో బ్రిటన్ దీవిలో 1.05 కోట్ల మంది ఉంటే ఇప్పటి సరిహద్దుల్లోని ఫ్రాన్స్‌లో దానికి రెండున్నర రెట్లకు పైగా ఉండేవారు. ఇప్పుడు ఆ రెండు దేశాలూ దాదాపు సమానం. బంగ్లాదేశ్, పాకిస్తాన్ కథ ఇంగ్లిష్ ఛానల్‌కు అటూ ఇటూ ఒకటిన్నర శతాబ్దం ముందే జరిగిందన్నమాట. జననాలు ముందుగా తగ్గించుకున్న దేశం వాటాలో వెనకబడుతుంది. అది వైఫల్యం కాదు. వాటాను పందెంలా చూసేవాళ్లు ఫ్రాన్స్ తల్లులనో, బంగ్లాదేశ్ తల్లులనో ఓడినవాళ్లుగా లెక్కకట్టాల్సి వస్తుంది. అది అన్యాయం.

ఆ కాలంలో భారతదేశంలో మరణాలు తగ్గనే లేదు. కరువులు, ప్లేగు, చివరికి 1918 ఇన్‌ఫ్లుయెంజా. ఇప్పటి సరిహద్దుల్లో 1911లో 25.2 కోట్లున్న జనాభా 1921లో 25.1 కోట్లకు తగ్గింది. జనాభా లెక్కల చరిత్రలో దేశ జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. మనవాళ్లు పిల్లల్ని కనకపోవడం వల్ల కాదు, కన్న పిల్లలు దక్కకపోవడం వల్ల అప్పట్లో వాటా పడిపోయింది.

చైనా దిగుడు

1970ల మధ్యలో ప్రపంచంలో ప్రతి వందమందిలో 22 మందికి పైగా చైనావాళ్లే. ఇప్పుడు 17.4. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2100 నాటికి ఆరుగురే. జనాభా 63 కోట్లకు దిగుతుందని ఆ అంచనా.

దీన్నంతా ‘ఒకే బిడ్డ’ విధానం ఖాతాలో వేయడం అలవాటైపోయింది. తేదీలు చూస్తే ఆ వాదన నిలవదు. 1970లో ఒక్కో తల్లికి ఆరుగురికి దగ్గరగా ఉన్న సంతాన రేటు 1979 నాటికే మూడు లోపలికి వచ్చింది. ఆ పదేళ్లలో అమలైంది పెళ్లి ఆలస్యంగా, కాన్పుల మధ్య ఎడంగా, పిల్లలు తక్కువగా అనే కార్యక్రమం. ఒకే బిడ్డ నిబంధన 1980లో వచ్చింది, 2015 చివరిదాకా నిలిచింది. దాని దెబ్బ సంఖ్య మీద కంటే సమాజం మీద పెద్దది. ఆడపిల్లల గర్భాలు తీయించుకోవడం, బలవంతపు శస్త్రచికిత్సలు, అన్నాచెల్లెళ్లు లేని తరం దాని ఫలితాలు. 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతి ఇచ్చినా జననాలు లేవలేదు. 2016లో 1.79 కోట్లుగా ప్రకటించిన జననాలు 2024లో 95 లక్షలు. 2024 చైనీయులు శుభంగా భావించే డ్రాగన్ సంవత్సరం. అంతకుముందు ఏడాది ఇంకా తక్కువ, 90 లక్షలు. 2022లో మొదలైన జనాభా తగ్గుదల ఇక ఆగే సూచన లేదు. ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత తల్లులయ్యే అమ్మాయిలు ఇప్పటికే పుట్టేశారు, వాళ్లు తక్కువమంది.

భారత్ శిఖరానికి దగ్గరలో

2023 ఏప్రిల్ చివర్లో భారత్ చైనాను దాటుతుందని ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు చాలామందికి అది ఆరంభంలా కనిపించింది. వాటా దృష్టిలో అది ముగింపుకు దగ్గరి సంగతి. 1950లో సుమారు 14 శాతం ఉన్న భారత్ వాటా ఇప్పుడు 17.8. ఇక పెద్దగా పెరగదు. 2050 నాటికి 168 కోట్ల జనంతో సుమారు 17.4 శాతం ఉంటుందని అంచనా. జనం 20 కోట్లకు పైగా పెరిగాక కూడా వాటా కాస్త తగ్గుతుంది.

ఇది ముందే పసిగట్టాలంటే మొత్తం జనాభాను కాకుండా పుట్టుకల్లో వాటాను చూడాలి. ప్రపంచంలో ఏటా సుమారు 13.2 కోట్ల మంది పుడుతున్నారు. వాళ్లలో భారత్‌లో పుట్టేవాళ్లు సుమారు 2.3 కోట్లు, అంటే 17.5 శాతం. ఇది మన జనాభా వాటా కంటే ఇప్పటికే ఒక పిసరు తక్కువ. వెంటనే వాటా ఎందుకు పడిపోవడం లేదంటే మరణాల్లో మన వాటా ఇంకా తక్కువ కాబట్టి. దేశంలో యువత ఎక్కువ. వెయ్యి మందికి ఏటా ఏడుగురి లోపే చనిపోతున్నారు. ప్రపంచ సగటు అంతకంటే ఎక్కువ. ఈ తరం ముసలితనానికి చేరే కొద్దీ ఆ ఆసరా కరిగిపోతుంది. సగటు సంతాన రేటు, జనం చివరికి స్థిరపడటానికి కావలసిన 2.1 కిందికి దిగినా జనం ఇంకో మూడు నాలుగు దశాబ్దాలు పెరగడానికీ ఇదే కారణం. బ్రేకు వేసినా రైలు వెంటనే ఆగదు.

చైనా వైపు అదే లెక్క చూస్తే జనాభాలో 17 శాతం, పుట్టుకల్లో ఏడు శాతం. నైజీరియాలో జనాభా మూడు శాతం కన్నా తక్కువ, పుట్టుకలు ఐదున్నర శాతానికి పైన. ఏటా సుమారు 75 లక్షల మంది పుట్టే నైజీరియా ఒక్కటే మొత్తం యూరప్ ఖండాన్ని మించిపోయింది. 1950లో ప్రపంచ జనాభాలో యూరప్ 22 శాతం, ఆఫ్రికా 9 శాతం. ఇప్పుడు యూరప్ 9, ఆఫ్రికా 18.5. రెండు ఖండాలూ దాదాపు స్థానాలు మార్చుకున్నాయి.

అంచనాలు ఎంత కదులుతాయి

ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం సాధారణంగా రెండేళ్లకోసారి అంచనాలను సవరిస్తుంది. 2100లో నైజీరియా జనాభా ఎంత అన్న ప్రశ్నకు 2012 సవరణ 91 కోట్లు అంది. 2019లో 73 కోట్లు, 2022లో 55 కోట్లు, 2024లో 48 కోట్లు. పన్నెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. ఆఫ్రికా నగరాల్లో, బడికి వెళ్లిన అమ్మాయిల్లో సంతాన రేటు అనుకున్నదానికంటే వేగంగా తగ్గుతోందని కొత్త సర్వేలు చెప్పడం దీనికి ఒక కారణం. రెండో కారణం ఇంకా మౌలికమైంది. ఆధారమే బలహీనం. నైజీరియాలో ఆఖరి జనాభా లెక్కలు 2006 నాటివి, 14.04 కోట్లు. జనసంఖ్యను బట్టి రాష్ట్రాలకు నిధులు, సీట్లు వచ్చే దేశంలో ప్రతి ప్రాంతానికీ తన లెక్క పెంచుకోవాలన్న ఆశ ఉంటుంది. 1973 లెక్కలనైతే మొత్తంగా రద్దు చేశారు. కాబట్టి 2100లో ఫలానా దేశం మూడో స్థానంలో ఉంటుందని రాసే శీర్షికలను పక్కన పెట్టి, 2045 వరకు ఉన్న అంచనాను చూడటం మేలు. ఆనాటికి ఇరవై దాటి ఉండేవాళ్లంతా ఇప్పటికే పుట్టి ఉన్నారు. అంచనా తప్పితే రాబోయే జననాల దగ్గర, వలసల దగ్గర తప్పుతుంది.

సరిహద్దులు మారితే వాటా రాత్రికి రాత్రి మారుతుంది. 1989 లెక్కల్లో సోవియట్ యూనియన్ జనాభా 28.67 కోట్లు, ప్రపంచంలో ఐదున్నర శాతం, మూడో స్థానం. 1991 డిసెంబరులో ఆ దేశం లేకుండా పోయింది. రష్యా దగ్గర మిగిలింది అందులో సగం. ఒక్క మనిషి కూడా చనిపోకుండా, ఎక్కడికీ కదలకుండా వాటా సగమైంది. పాత పటాలతో కొత్త అంకెలు పోల్చేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో చైనా అంకెలో హాంకాంగ్, మకావ్, తైవాన్ ఉండవు. వాటికి వేరే వరుసలు ఉంటాయి.

వలస వెళ్లినవాళ్లను పుట్టిన దేశంలో కాదు, ఉంటున్న దేశంలో లెక్కిస్తారు. దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల కార్మికుడు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జనాభాలోకి వస్తాడు. డల్లాస్‌లోని తెలుగు కుటుంబం అమెరికా అంకెలోకి వస్తుంది. భారత్‌లో పుట్టి బయట ఉంటున్నవాళ్లు సుమారు 1.8 కోట్లు. మనకది జనాభాలో ఒక శాతం పైచిలుకే, కానీ గల్ఫ్ దేశాలకు సర్వస్వం. 1950లో లక్ష మంది కూడా లేని ఎమిరేట్స్‌లో ఇప్పుడు కోటికి పైగా ఉన్నారు. వాళ్లలో అత్యధికులు బయటి నుంచి వచ్చినవాళ్లే.

తెలుగు లెక్క

దేశాల మధ్య జరిగేదే దేశంలోపలా జరుగుతుంది. 2001లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 7.40 కోట్లు, 2011లో 8.11 కోట్లు. 71 లక్షలు పెరిగారు. దేశ జనాభాలో వాటా మాత్రం 7.19 శాతం నుంచి 6.70కి తగ్గింది. మరాఠీ దాటిపోవడంతో తెలుగు మూడో స్థానం నుంచి నాలుగుకు జారింది. భాష చచ్చిపోతోందనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. ఇది ఆ సంగతి చెప్పదు. తెలుగు ఇళ్లలో పిల్లలు ఉత్తరాది ఇళ్లకంటే ముందుగా తగ్గారని చెబుతుంది.

1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 4.35 కోట్లు, దేశంలో 7.9 శాతం. 2011లో 8.46 కోట్లు, ఏడు శాతం. అదే నలభై ఏళ్లలో కేరళ 3.9 నుంచి 2.8కి దిగింది. జార్ఖండ్‌తో కలిపి చూస్తే బీహార్ 10.3 నుంచి 11.3కి ఎక్కింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన రేటు 1.7, తెలంగాణ 1.8, బీహార్ 3.0. లోక్‌సభ సీట్ల పంపిణీ 1971 లెక్కల మీదే ఆగి ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆపారు. 2001లో 84వ సవరణతో ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. 543 సీట్లలో ఉమ్మడి రాష్ట్రానికి దక్కినవి 42. 2011 జనాభా వాటాను నేరుగా అన్వయిస్తే వచ్చేవి 38. ఈ భయంతోనే ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. కానీ చైనా అనుభవం చూస్తే నిబంధన ఎత్తేసినంత మాత్రాన పిల్లలు పుట్టరు. పుట్టినా వాళ్లు వాటాను కదిలించడానికి పాతికేళ్లు పడుతుంది. సీట్ల సంగతి రాజ్యాంగ సవరణతో, నిధుల సంగతి కేంద్ర పన్నులను రాష్ట్రాలకు పంచే ఆర్థిక సంఘం సూత్రంతో తేలాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాకు 15 శాతం బరువు ఇస్తూ, జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకు విడిగా 12.5 శాతం బరువు పెట్టింది. తల్లుల్ని బతిమాలడం కంటే అలాంటి బరువును కాపాడుకోవడం, పెంచమని అడగడం మీద పెట్టే శ్రమకు ఫలితం ఎక్కువ.

ఇక్కడ వాడిన భారత్ ఇప్పటి జనాభా అంకెలన్నీ 2011 గణన మీద కట్టిన అంచనాలే. కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంచనాకు, గణనకు మధ్య ఒక శాతం తేడా వచ్చినా అది 1.45 కోట్ల మంది. ప్రపంచ జనాభాలో మన వాటా 0.18 శాతం పాయింట్ల మేర అటో ఇటో కదులుతుంది. చైనా తగ్గుతూనే ఉంది కాబట్టి మొదటి స్థానానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు. ఆ 1.45 కోట్లు ఏ రాష్ట్రంలో తగ్గాయి, ఏ రాష్ట్రంలో పెరిగాయి అన్నదాని మీదే హైదరాబాద్, అమరావతి చూపు ఉంటుంది.